పొడి గుడ్డ

స్కానక్క వెనక్కి వెనక్కి నడుస్తూ నేల తుడిచింది. వంటగది గుమ్మం దగ్గర మొదలుపెట్టి, అత్తగారి గది ముందున్న నడవ మీదుగా వీధి తలుపు దాకా వచ్చి, బకెట్టు ఎత్తుకెళ్ళి బయట కాలవలో పారబోసింది. చేతులు కడుక్కుని తిరిగొచ్చేసరికి మేకుకి వేలాడే పొడి గుడ్డ అప్పుడే కిందికి దిగింది. భర్త మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె తుడిచిన ప్రతి చోటా మళ్ళీ తుడుస్తున్నాడు. నోటితో ఒక్క మాట అనడు. బస్సు డిపోలో పగలంతా మైకు పట్టుకుని ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో అరిచి చెప్పే మనిషికి ఇంట్లో ఆ గుడ్డే నోరు.

మూలమూలకీ పోయి, గోడ వారన గుడ్డని వేలితో నొక్కి లాగాడు. చివర్లో అరచెయ్యి నేలకి ఆనించి చూసుకున్నాడు. గుడ్డ మళ్ళీ మేకుకి తగిలించి స్నానానికి వెళ్ళాడు.

అత్తగారు పడింది ఆ నడవలోనే. ఎండలు ముదరక ముందు ఒక పొద్దున, స్కానక్క నేల తుడిచి డ్యూటీకి వెళ్ళిన కాసేపటికి. ఎడమ తుంటి విరిగింది. లోపల కడ్డీ వేసి మరలు బిగించారు. వానలు కూడా వచ్చి వెళ్ళిపోయాయి గానీ ఆవిడ ఇంకా మంచానికీ నాలుగు కాళ్ళ ఊతకర్రకీ మధ్యనే ఉంది. నేల తడిగా వదిలేసి పోయావా అని స్కానక్కని ఎవరూ సూటిగా అడగలేదు. అడిగితే జవాబు చెప్పేది. మొదట్లో అయితే గుండె మీద చెయ్యేసుకుని చెప్పేది, తుడిచాను, ఆరబెట్టాను అని. కొన్నాళ్ళకి, ఆరబెట్టే ఉంటాను అనిపించింది. ఇప్పుడు ఆ 'ఉంటాను' కూడా జారిపోయింది. ఎవరు ఎక్కడ తడి అన్నా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటోంది. ఆ పొద్దున తన తప్పు ఉందా లేదా అన్న ఒక్క సంగతి తేలితే చాలు, తక్కినదంతా ఎలా పోయినా పోనీ అనుకునే దాకా వచ్చింది.

వీధి తలుపు తోసుకుని వదిన వచ్చింది. భర్తకి అక్క. రెండు వీధుల అవతల ఉంటుంది, తల్లి పడ్డ నాటి నుంచి పూటకోసారి వచ్చి చూసిపోతుంది. నడవ మొదట్లో చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో నేలని తాకి చూసింది.

“ఆరిందా? అడుగెయ్యొచ్చా?”

“ఆరింది వదినా.”

“నీకేం తల్లీ, ఆరిందంటావు. మా అమ్మకి మిగిలింది ఒక్క కాలు.”

లోపల్నించి అత్తగారి గొంతు వినిపించింది. “పొద్దున్నే దాన్ని సాధించకే. డ్యూటీకి పోవాలి.”

“నేనేమన్నానమ్మా? కాలు ఒక్కటే ఉందన్నాను. అదీ తప్పేనా?”

స్కానక్క టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని బయటపడింది. 

ఆస్పత్రిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఆయాల దగ్గర్నించి పెద్ద డాక్టర్ల దాకా అందరికీ స్కానక్కే. కింది అంతస్తు చివర, కిటికీలు లేని చల్లటి స్కానింగు గది ఆమెది. గది మధ్యలో గుండ్రటి యంత్రం, దాని నోట్లోకి జారే బల్ల, గాజు గోడ ఇవతల కంప్యూటర్లు. పొద్దున్నే మొట్టమొదట ఆ బల్ల ఎక్కేది రోగి కాదు, పీట. తుంటి ఎముకల కొలత మొదలుపెట్టినప్పుడు యంత్రంతో పాటు పంపించారు దాన్ని. దానికి పుస్తకంలో పెద్ద పేరే ఉంది గానీ, చూడ్డానికి కూర్చునే పీటలా ఉంది కాబట్టి ఇక్కడ దాని పేరు పీటే. లోపల కొన్ని కడ్డీలుంటాయి. ఏ కడ్డీ ఎంత గట్టిదో ముందే తెలుసు. మనిషి తుంటి కింద పీట పెట్టి రెంటినీ కలిపి స్కాన్ తీస్తే, ఎముక తెలుపుని కడ్డీల తెలుపుతో పోల్చి ఎముకలో సరుకెంతో లెక్క కడతారు. తూకపురాళ్ళు పక్కన పెట్టుకుని తూచడమే. రాళ్ళు తప్పయితే తూకమంతా తప్పు, అందుకని రోజూ ముందు రాళ్ళనే తూచుకోవాలి.

ఆమె పీటని గుడ్డతో తుడిచి, బల్ల మీద గీతకి సరిగ్గా పెట్టి, కింద గాలి లేకుండా అరచేత్తో నొక్కింది. గాజు గోడ ఇవతలికొచ్చి మీట నొక్కింది. తెర మీద కడ్డీలు నిన్నటి తెలుపులోనే వచ్చాయి. పీట అబద్ధం చెప్పదు. అది ఆమెకి చాలా ఇష్టం.

చిన్న డాక్టరమ్మ టీ గ్లాసుతో వచ్చింది. స్కాన్లు చూసి రిపోర్టులు రాసే డాక్టరు, స్కానక్క కన్నా బాగా చిన్నది, పెన్ను మూత కొరికే అలవాటు ఇంకా పోలేదు.

“అక్కా, మీ అత్తగారి కుడి తుంటి కొలవమని ఎముకల డాక్టరుగారు అడిగారు. ఆవిణ్ణి ఒంటరిగా నడవనివ్వాలా వద్దా అని ఆయనకి అనుమానం. రేపు తీసుకురండి.”

“విరిగిన ఎడమ తుంటి సంగతి కూడా తెలుస్తుందా మేడమ్? అంటే, విరక్క ముందు ఎలా ఉండేదో?”

“అందులో కడ్డీ ఉందిగా, దాని మెరుపుకి చుట్టూ ఏమీ కనపడదు. కానీ రెండు తుంట్లూ సాధారణంగా ఒకేలా ఉంటాయి. ఇది గట్టిగా ఉంటే అదీ గట్టిగానే ఉండేదనుకోవచ్చు. ఇది డొల్లయితే అదీ డొల్లే అయ్యుంటుంది. అలాంటివి పడటం వల్ల విరగవు, విరగడం వల్ల పడతారు.”

డాక్టరమ్మ ఆ మాట అని టీ తాగుతూ వెళ్ళిపోయింది. స్ట్రెచరు తోసుకొచ్చిన ఆయా మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆర్నెల్లుగా స్కానక్క కన్నీళ్ళు చూసిన మనిషి అదొక్కతే.

“విన్నావా అక్కా? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా? ఇన్నాళ్ళూ మీవాళ్ళు కొత్త కుండ బద్దలైందని ఏడుస్తున్నారు. కుండకి ముందే చిల్లుందో లేదో రేపు మిషనే చెబుతుంది. డొల్ల అని తేలిందనుకో, నీ పీడ వదిలిపోతుంది.”

స్కానక్క నవ్వింది. నవ్వుతూనే, తను ఏం కోరుకుంటోందో తెలిసి ఆగిపోయింది. ఆవిడకి మిగిలిన ఒక్క కాలూ డొల్లయి ఉండాలని కోరుకుంటోంది.

మర్నాడు చక్రాల కుర్చీ వెనక భర్త, పక్కన వదిన. తలుపు బయట బెంచీ మీద వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, ఆయా సాయంతో అత్తగారిని బల్ల మీదికి మార్చింది స్కానక్క. ఆయా ఇంకో వార్డుకి పరిగెత్తింది. బరువైన తలుపు మూసుకుంది. అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు.

అత్తగారు కుట్టుపని మనిషి. స్కూలు యూనిఫారాలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. మెళ్ళో కొలతల టేపు లేకుండా ఆవిణ్ణి చూడ్డం మంచాన పడ్డ తర్వాతే. బల్ల మీద పడుకుని గది కప్పు చూస్తూ అంది, “నా కొలతలు తీస్తున్నావన్నమాట. ఏం కుడతావ్ నాకు?”

“మీరు కదలకుండా ఉంటే మంచి గౌనే కుడతాను అత్తయ్యా.”

“కాస్త వదులుగా కుట్టు. బిగుతైతే విప్పి మళ్ళీ కుట్టుకునే ఓపిక లేదు.”

స్కానక్క ఆవిడ నడుం కింద చెయ్యి పెట్టి కొద్దిగా లేపి పీట జరిపింది. ఒంటికీ పీటకీ మధ్య గాలి చేరితే కొలత తప్పుతుంది. అందుకని మధ్యలో జెల్లీ సంచి పెట్టి సర్దింది. తర్వాత పాదాలు. కాలి బొటనవేళ్ళు రెండూ ఒకదాన్నొకటి చూసుకునేలా లోపలికి తిప్పి, ముక్కోణపు చెక్కకి పట్టీతో కట్టాలి. అప్పుడే తొడ ఎముక మెడ పూర్తిగా చాపుకుని కనపడుతుంది. ఎడమ పాదం అంతగా తిరగదు, దాన్ని వదిలేసింది. కుడి పాదం పట్టుకుని నెమ్మదిగా లోపలికి తిప్పింది.

అత్తగారు చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

“నొప్పా అత్తయ్యా?”

“నొప్పి కాదు. భయం. ఆ రోజు కూడా ఇలాగే లోపల ఏదో కదిలినట్టయింది. ముందు టప్‌మని వినపడింది అమ్మాయ్. ఎండు పుల్ల విరిగినట్టు. కాలు కింద లేదు. ఆ తర్వాతే పడ్డాను.”

స్కానక్క చేతిలో పట్టీ అలాగే ఉండిపోయింది. 

“పడకముందే విరిగిందా?”

“ఊఁ.”

“మీకు తెలుసా? మొదట్నించీ తెలుసా?”

“తెలుసు.”

“తెలిసి ఊరుకున్నారా? వదిన రోజూ నన్ను... మీ అబ్బాయి రోజూ ఆ గుడ్డ పట్టుకుని... మీ మంచం ముందే కదా అత్తయ్యా!”

“ఊరుకోలేదే. పట్టుకుని వేలాడాను.” ఆవిడ కప్పు మీంచి చూపు తిప్పలేదు. “నేల తడిసి జారిందన్నారు. ఆ మాట నాకు బావుంది. తడైతే ఇంకోసారి చూసుకుని అడుగేస్తాను. ఎముకే దానంతటది విరిగి పడ్డానంటే ఇంక దేన్ని నమ్ముకుని నిలబడను చెప్పు? కిటికీ దగ్గర కుట్టుమిషను దాకా నడిస్తే చాలు నాకు. కత్తెర పట్టుకుని నిలబడితే చాలు. నేల తడే అనుకుంటూ రోజుకో అడుగు ఎక్కువేస్తున్నాను.”

“నా మీద పడుతున్న నిందో?”

“కనపడుతూనే ఉంది. నువ్వు గట్టిదానివి, మోస్తావనుకున్నాను.” అని, ఆమె మణికట్టు వదిలి, “వాళ్ళకి చెప్పకు అమ్మాయ్. నన్ను మిషను దాకా నడవనీ. తర్వాత నేనే చెబుతాను” అంది.

స్కానక్క కళ్ళలోంచి కారుతున్నదాన్ని భుజానికి తుడుచుకుని, పట్టీ బిగించింది. గట్టిదట. గట్టిది కాబట్టి మొయ్యాలట. ఆర్నెల్లు తన సొంత చేతుల్నే తను నమ్మలేక, ఆ పొద్దున గుడ్డ పట్టుకున్నానా లేదా అని నిద్రలో కూడా తడుముకుంటే, అసలు సంగతి తెలిసిన మనిషి పక్క గదిలోనే దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది.  అంత కోపంలోనూ జెల్లీ సంచి అంచు ఎక్కడా పైకి లేవకుండా మరోసారి నొక్కింది.

“కదలకండి” అని చెప్పి గాజు గోడ ఇవతలికి వచ్చింది. బల్ల మెల్లగా యంత్రం నోట్లోకి జరిగింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం చిన్న డాక్టరమ్మ ఆమెని తన తెర దగ్గరికి పిలిచింది. ఎముకని ముక్కముక్కలుగా అడ్డకోతలు కోసి చూపిస్తోంది తెర. కాయని చక్రాలుగా తరిగినట్టుంది.

“మొత్తం సాంద్రత మరీ అంత ఘోరంగా లేదక్కా. సగటుని నమ్ముకుంటే మునిగిపోతాం. ఇక్కడ చూడండి, మెడ పైభాగం. పెంకు ఉల్లిపొరంత ఉంది. లోపలి అల్లిక మధ్యలో తెగిపోయింది. మీ అత్తగారి భాషలో చెప్పాలంటే బట్ట ఉంది, నేత లేదు.”

“నడవొచ్చా మేడమ్?”

“ఎవరైనా పట్టుకుని నడిపించాలి. ఒంటరిగా వద్దు. మందుంది, మొదలుపెడదాం, కానీ అది నెమ్మదిగా పనిచేస్తుంది. పాత స్కాన్ ఏదైనా ఉంటే బావుండేది, ఎంత తొందరగా తగ్గుతోందో తెలిసేది. పొట్టకి తీసిందైనా సరే. పీట లేకపోయినా, ఒంట్లో కొవ్వునీ కండనీ తూకపురాళ్ళుగా పెట్టుకుని ఈ కొత్త ప్రోగ్రామ్ లెక్క కడుతుంది.”

“ఉంది” అంది స్కానక్క. “పడటానికి ముందు ఏడాది, మూత్రంలో రాయి కోసం తీసింది.”

ఆ స్కాన్ తెరిచారు. మూత్రపిండాల దగ్గర్నించి కిందికి, తుంట్ల దాకా ఉంది. ఇంకా విరగని ఎడమ తుంటి. రాళ్ళు వెతికేందుకు తెరకి పెట్టుకునే వెలుగులో ఎముకలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా, నిండుగా, ముచ్చటగా ఉన్నాయి. చిన్న డాక్టరమ్మ మౌసు పట్టుకుని పక్కకి కాస్త లాగింది. వెలుగు మారింది. తెలుపంతా దిగిపోయి, ఎముక లోపలిది బయటపడింది. జల్లెడ. అది కూడా చిరిగిన జల్లెడ.

“అమ్మో” అంది డాక్టరమ్మ. “ఇది విరగడానికి పడక్కర్లేదు. మంచం మీంచి లేచి నిలబడి పక్కకి తిరిగితే చాలు.”

స్కానక్కకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. డాక్టరమ్మ చూస్తూ ఉండగానే, కుర్చీ వీపు పట్టుకుని, నోరు తెరిచి ఏడ్చింది. నేల తుడిచిన మనిషి తప్పు కాదు. తుడిచినా, తుడవకపోయినా, ఆరినా, ఆరకపోయినా ఆ ఎముక అక్కడ అలా విరగాల్సిందే. ఇంత సుఖం ఆమె ఒంటికి చాలా కాలమైంది తెలిసి.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ తెర చూసినప్పుడు గుర్తొచ్చింది. మర్చిపోయిందని కాదు. సంతోషంలో దాని వంతు వెనక్కి జరిగింది, అంతే. ఈ స్కాన్ తీసింది తనే. నొప్పితో మెలికలు తిరుగుతున్న అత్తగారిని తనే బల్ల మీద పడుకోబెట్టింది. రాయి కనపడగానే “దొరికింది అత్తయ్యా!” అని గాజు గోడ ఇవతల్నించి మైకులో అరిచింది కూడా. ఆ తర్వాత ఇంటికొచ్చిన చుట్టాలందరికీ వదిన చెప్పుకునేది, మా మరదలే కనిపెట్టింది, బియ్యపు గింజంత రాయి, దాని కళ్ళు కళ్ళు కాదు అని. ఆ ఒక్క ఏడాదీ ఆ ఇంట్లో స్కానక్క మాట నెగ్గింది.

ఆమె మొహం చూసి చిన్న డాక్టరమ్మ గ్రహించింది.

“అక్కా, వద్దు. అలా ఆలోచించకండి. అడిగింది రాయి. రాయి చూసే వెలుగులో ఏ ఎముకైనా ఇలాగే కనపడుతుంది. రిపోర్టు రాసిన పెద్దాయన చూడలేదు. ఆ కుర్చీలో నేనున్నా చూసేదాన్ని కాదేమో. అప్పటికి ఈ కొలతే ఇక్కడ లేదు.”

“అవును మేడమ్” అంది స్కానక్క. ఆ మాటలన్నీ నిజాలే. పాత తుంటి, కొత్త తుంటి పక్కపక్కన పెట్టి ఎముకల డాక్టరుకి ఒక ఫిల్మ్ తీశారు. తనకీ ఒకటి అడిగి తీసుకుంది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఫిల్మ్ కవరు చంకలో ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ముసలావిడ చేతిలో ఊతకర్ర లాక్కున్నట్టు. చెప్పకపోతే రేపు పొద్దున్న మళ్ళీ మేకు మీంచి గుడ్డ దిగుతుంది. పడుకున్నాక భర్తకి ఒక్కడికే మెల్లగా చెబుదాం, నేల సంగతి ఒక్కటే చెబుదాం అనుకుంది. అలా అనుకున్నాక అడుగు కాస్త తేలికపడింది.

గుమ్మంలో కాలు పెట్టేసరికి నడవలో గ్లాసు దొర్లుతోంది. తల్లికి మంచినీళ్ళు తీసుకెళ్తూ వదినే జారవిడిచింది. నీళ్ళు గచ్చు మీద పారుతున్నాయి. భర్త అప్పటికే గుడ్డ తీసుకుని మోకాళ్ళ మీదికి వంగాడు.

“వచ్చావా? చూసుకుని రా తల్లీ” అంది వదిన. “ఈ ఇంటి నేలకి తడి అంటే ఎంత మోజో! ఆ రోజు కూడా ఇంతే ఉండుంటాయి నీళ్ళు. ఇంతే చాలు.”

అంతే. స్కానక్క అనుకున్నవన్నీ ఎటు పోయాయో పోయాయి. చెప్పులతోనే నడవలోకి వచ్చి, కవరులోంచి ఫిల్మ్ లాగి, ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుంది.

“చూడండి వదినా. మీరూ చూడండి. లేవండి, ఆ తుడవడం ఆపి లేవండి. ఇది అత్తయ్య ఎడమ తుంటి. విరక్క ముందుది. ఇవన్నీ ఏంటో తెలుసా? చిల్లులు. ఈ ఎముక ఎప్పుడో అయిపోయింది. నీళ్ళ వల్ల కాదు, నా వల్ల కాదు. అది విరిగింది కాబట్టి ఆవిడ పడింది. పడి విరగలేదు. డాక్టరమ్మే చెప్పింది. కావాలంటే మీ అమ్మనే అడగండి. ఆవిడకి మొదట్నించీ తెలుసు!”

భర్త లేచాడు. గుడ్డ చేతిలోనే ఉంది, నీళ్ళు దాన్లోంచి కారి అతని పాదం మీద పడుతున్నాయి. ఫిల్మ్ కేసి చూసి, గది కేసి తిరిగాడు.

“అమ్మా? నిజమేనా?”

లోపల మంచం కిర్రుమంది.

“నిజమేరా. ముందు ఎముకే పోయింది.”

భర్త ఫిల్మ్ తన చేతిలోకి తీసుకున్నాడు.  “ఇన్నాళ్ళూ... నేను...” అంటూ స్కానక్క కేసి చూశాడు. పెళ్ళైన కొత్తలో తప్ప అతను అలా చూసిన గుర్తు లేదు ఆమెకి. ఆ చూపు కోసమే కదా ఇదంతా.  అది ఎంతసేపు ఉందో గానీ, ఉన్నంతసేపూ ఆమె బతికింది.

వదిన దగ్గరగా వచ్చి ఫిల్మ్ మీద వేలు పెట్టింది. వదిన చెడ్డది కాదు, తెలివితక్కువది అసలే కాదు.

“విరక్క ముందుదంటున్నావు. ఎప్పుడు తీశారు ఇది?”

“రాయి వచ్చినప్పుడు.”

“అంటే, నువ్వు తీసిందేగా?”

స్కానక్క తలూపింది.

“బియ్యపు గింజంత రాయి కనపడింది నీకు. ఇన్ని చిల్లులు కనపడలేదా?”

 స్కానక్క చెప్పడం మొదలుపెట్టింది. రాయి చూసే వెలుగు వేరు, ఎముక చూసే వెలుగు వేరు అంది. ఆ వెలుగులో అంతా తెల్లగానే ఉంటుంది, నిండుగా ఉన్నట్టే ఉంటుంది అంది. అడిగింది రాయి కదా అంది. డాక్టరమ్మ నోట్లో నిజంలా ఉన్న మాటలు తన నోటికొచ్చేసరికి సాకుల్లా తయారయ్యాయి. పెనం మీంచి జారి పొయ్యిలో పడ్డట్టయింది ఆమెకి.

“మరి ఎముక వెలుగులో చూడాలంటే?” భర్త అడిగాడు. కోపంగా కాదు. తెలుసుకుందామనే అడిగాడు. “మళ్ళీ స్కాన్ తియ్యాలా?”

“అక్కర్లేదు.”

“మరి?”

“మౌసుతో పక్కకి లాగితే మారుతుంది.”

“ఎంత?”

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. గోడ మీద చూపుడువేలు ఆనించి కొద్దిగా పక్కకి జరిపింది. రెండు అంగుళాలు కూడా లేదు.

“ఇంత.”

భర్త ఆ గోడ వంక చూస్తూ ఉండిపోయాడు. ఫిల్మ్‌ని కవర్లో పెట్టి, కవరుని కిటికీ దగ్గర కుట్టుమిషను మీద పెట్టాడు. గుడ్డ పిండి మేకుకి తగిలించాడు. ఒలికిన నీళ్ళు సగం అలాగే ఉన్నాయి. “ఏడాది ముందే మందు పడేది” అంది వదిన, ఎవరితోనూ కాదు. తిట్టినట్టు కూడా లేదు, అందుకే భరించలేకపోయింది స్కానక్క. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఊతకర్రతో నడిపించే వేళకి స్కానక్క అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళింది. రోజూ ఆవిడే ముందు కాళ్ళు దించి కూర్చుని ఉండేది, ఏదీ ఇంకా రావేం అంటూ. ఇవాళ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“లేవండి అత్తయ్యా. పట్టుకుని నడిపించొచ్చన్నారు. మందిస్తారట.”

“ఇవాళొద్దులే.”

“నన్ను పట్టుకోండి. నేనున్నాగా.”

“నువ్వున్నావు” అంది అత్తగారు గోడతోనే. “నాకు కాళ్ళు లేవు.”

తనకి కోపం వస్తుందేమోనని చూసింది స్కానక్క. రాలేదు. క్షమించమని అడుగుదామా అనుకుంది, దేనికని అడగాలో తెలియలేదు. ఆవిడ కూడా అడగలేదు. దుప్పటి అంచు సర్ది బయటికి వచ్చింది.

మర్నాడు స్కానక్క నేల తుడిచి, బకెట్టు పారబోసి వచ్చేసరికి గుడ్డ మేకుకే ఉంది. భర్త కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. “వెళ్ళొస్తావా?” అన్నాడు. ఇదివరకటి కన్నా మెత్తగానే అన్నాడు. ఆ మర్నాడూ గుడ్డ దిగలేదు. ఆ తర్వాతా దిగలేదు. తను ఇన్నాళ్ళూ దేవుళ్ళందరికీ మొక్కుకున్నది జరిగింది. వదిన రావడం తగ్గించింది. వచ్చినా బొటనవేలితో నేలని తాకి చూడటం లేదు, సరాసరి లోపలికి వెళ్తోంది. ఆస్పత్రిలో ఆయా “పీడ వదిలిందా అక్కా?” అని అడిగితే, వదిలిందంది. పీటని తుడిచి బల్ల మీద పెట్టినప్పుడు మాత్రం మునుపటిలా ఇష్టంగా లేదు. మధ్యాహ్నం ఎవరిదో రాయి స్కాన్ తీసి, ఎవరూ అడక్కపోయినా మౌసు పక్కకి లాగి ఎముకలు చూసింది. బాగానే ఉన్నాయి. మళ్ళీ చూసింది.

అత్తగారు మంచం దిగలేదు. ఎముకల డాక్టరు ఇంటికి ఫోన్ చేసి పట్టుకుని నడిపించమన్నాడు, కొడుకు బతిమాలాడు, కూతురు తిట్టింది, ఏడ్చింది. ఆవిడ అందరికీ “చూద్దాంలే” అనే చెప్పింది. ఊతకర్ర గోడకి చేరింది. దాని మీద ఒక తడి తువ్వాలు ఆరేసి ఉంది. కిటికీ దగ్గర మిషను మీది కవరు ఎవరూ తియ్యలేదు.

సెలవు రోజు పొద్దున స్కానక్క నడవంతా తుడిచింది. తుడిచి, బకెట్టు పారబోసి వచ్చి, మేకు దగ్గర నిలబడింది. భర్త ఇంట్లో లేడు. గుడ్డ ఎండి బిరుసెక్కింది. దాన్ని తీసుకుని, రెండు చేతులతో నలిపి మెత్త చేసి, మోకాళ్ళ మీద కూర్చుంది. వంటగది గుమ్మం నుంచి మొదలుపెట్టింది. గోడ వారన వేలితో నొక్కి లాగింది. అత్తగారి గది ముందుకి వచ్చినప్పుడు ఇంకా గట్టిగా తుడిచింది, ఆవిడ పడిన చోట మరీ గట్టిగా. అరచెయ్యి ఆనించి చూసింది. మళ్ళీ తుడిచింది. ఆ నేల మీద అడుగు వేసే మనిషి ఇంక లేదని తెలుసు. తెలిసీ చెయ్యి ఆగడం లేదు.

మంచం మీంచి అత్తగారు తల ఇటు తిప్పింది. ఎంతసేపట్నించి చూస్తోందో.

“చాల్లే అమ్మాయ్” అంది. “ఆ రోజు కూడా పొడిగానే ఉంది.”

స్కానక్క ఆ మాట విన్నది. గుడ్డ తిరగేసి, మళ్ళీ మొదటి నుంచి తుడవడం మొదలుపెట్టింది.